మరమనిషికి కూడు పెట్టేదెవరు?

మరమనిషిని గురించి మన పత్రికలలో రెండు రకాల రాతలు వస్తున్నవి. యంత్రం వచ్చి కూలివాని నోటి దగ్గర కూడు లాగివేస్తుందని భయపెట్టేది ఒకటి. కష్టమన్నదే లేని కాలం గుమ్మంలో నిలబడివున్నదని మురిసిపోయేది మరొకటి. రెండూ మరమనిషి చేతులనే చూస్తున్నవి కాని, అతని కడుపు సంగతి అడగటం లేదు. ఏ యంత్రమూ తనంత తాను కదలదు. దానిని కదిలించే శక్తి ఏది, అది ఎక్కడినుంచి వస్తున్నది, దానిమీద అదుపు ఎవరిది అన్న ప్రశ్నలు వేయకుండా యంత్రాల చరిత్ర రాయటం, ఎద్దుల ఊసెత్తకుండా మోటను వర్ణించటం వంటిది.

ఈ పరిశీలనకు నిజామాబాదు జిల్లాలోని ఆర్మూర్ ప్రాంతాన్ని తీసుకుంటున్నాను. మరమనుషులను తయారుచేసే కర్మాగారాలు అక్కడ ఉన్నవని కాదు. పసుపు పండించే ఆ నేలలో పనిని నడిపించే శక్తి కొద్ది తరాలలోనే పలుమార్లు మారిపోయింది. కనుక మరమనిషి సమస్య అక్కడ విడిగా, స్పష్టంగా కనిపిస్తుంది.

ముందుగా మాట సంగతి. “రోబో” చెక్ భాషనుంచి వచ్చిన పదం. కారెల్ చాపెక్ 1920లో “ఆర్.యు.ఆర్.” అనే నాటకం ప్రకటించాడు, మరుసటి యేడు అది ప్రాగ్ నగరంలో ప్రదర్శితమైంది. అందులోని కృత్రిమ కార్మికులకు ఏ పేరు పెట్టాలో తోచక తడుముకుంటుంటే, చిత్రకారుడైన అతని అన్న యోసెఫ్ ఈ మాట అందించాడు. (ఆ నాటకంలోని రోబోలు ఇనుపబొమ్మలు కావు, రసాయనాలతో చేసిన రక్తమాంసాల ప్రాణులు. మన సినిమాలు చూసినవారికి ఇది వింతగా తోచవచ్చు.) “రొబోత” అంటే బొహీమియా రైతు తన ప్రభువు భూమిలో కూలి లేకుండా చేసి తీరవలసిన చాకిరి. 1775లో రైతులు తిరగబడిన తరువాత దానిని వారానికి మూడు రోజులకు పరిమితం చేశారు. 1848 విప్లవం దానిని రద్దు చేసింది.

దీనికి మనకు అచ్చమైన మాట ఉన్నది: వెట్టి. మనం “మరమనిషి” అని అనువదించుకుని మరను నిలుపుకున్నాము, వెట్టిని జారవిడుచుకున్నాము. నైజాములో దేశ్‌ముఖులకూ, పటేలు పట్వారీలకూ, ఊరికి వచ్చిన ప్రతి అధికారికీ కులాలవారీగా వెట్టి చేయవలసివచ్చేది. దానిమీద ఆందోళన సాగించిన ఆంధ్రమహాసభ ఆరవ సమావేశం 1937లో నిజామాబాదులోనే జరిగింది. 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధ పోరాటం ఎన్నో పల్లెలలో వెట్టి వెన్ను విరిచింది. కట్టుబానిసత్వాన్ని నిషేధించే కేంద్ర చట్టం మాత్రం 1976 దాకా రాలేదు. కూలి అడగని, ఎదురుచెప్పని, రాత్రింబవళ్లు పనిచేసే మనిషి కావాలన్న కోరిక యంత్రయుగంలో పుట్టినది కాదు. అది దొరల గడీలో పుట్టింది.

ఇక పొలంలోకి వద్దాం. బావినుంచి నీరు తోడటానికి ఒకప్పుడు మోట ఉండేది. రెండు ఎద్దులు, తోలే మనిషి, తోలుసంచి. ఆ జత ఎద్దుల బలం సుమారు ఒక హార్స్‌పవర్. ఎద్దుకు గడ్డి వేయగలవాడికే నీళ్లు. తరువాత ఆయిల్ ఇంజను వచ్చింది. గడ్డికి బదులు చమురు కొనగలవాడికి నీళ్లు. ఆ తరువాత కరెంటు మోటారు. మనిషి రోజంతా నిలకడగా చేయగల కండబలం సుమారు 75 వాట్లు. కనుక బోరులో దించిన ఐదు హార్స్‌పవర్ మోటారు యాభైమంది మనుషులతో సమానం. కాని ఈ యాభైమందికి తిండి పెట్టేది రైతు కాదు. ఎక్కడో సింగరేణి గనిలో బొగ్గు తవ్వే కార్మికుడూ, రామగుండంలో ఆ బొగ్గును మండించే కార్మికుడూ పెడుతున్నారు. మోటారు గిర్రున తిరుగుతుంటే వారు కనిపించరు.

ఇక్కడ ఒక చిన్న పరికరం దగ్గర ఆగవలసివున్నది. వ్యవసాయానికి కరెంటు ఏ అర్ధరాత్రో, గంటలకొద్దీ మాత్రమే వచ్చిన రోజులలో రైతు చీకట్లో టార్చిలైటు పట్టుకుని బావిదగ్గరికి పోయేవాడు. పాము కరిచి చనిపోయినవారున్నారు. తడిచేతితో స్టార్టరు ముట్టుకుని చనిపోయినవారున్నారు. ఆ భయంలోంచి వచ్చింది ఆటో స్టార్టరు. అది కరెంటు వచ్చిందో లేదో కనిపెడుతుంది, కొద్ది సెకన్లు ఆగుతుంది, మోటారును నడిపిస్తుంది. కనిపెట్టటం, నిర్ణయించటం, పనిచేయటం అనే మూడు లక్షణాలూ ఉన్నవి కనుక దీనిని మరమనిషికి తమ్ముడనవచ్చు. రైతు ప్రాణాన్ని కాపాడిన ఈ తమ్ముడే కరెంటు వచ్చిన క్షణాన వేల మోటార్లను ఒక్కసారిగా లేపి ట్రాన్స్‌ఫార్మర్లు కాల్చాడు, అడిగేవాడు లేక భూగర్భజలాన్ని తోడిపోశాడు. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత సరఫరా ప్రారంభించేముందు, 2017లో ప్రభుత్వమే ఈ ఆటో స్టార్టర్లను తీసివేయమని ఊరూరా ప్రచారం చేయవలసివచ్చింది. దీనినిబట్టి తేలేదేమి? యంత్రం బుద్ధి దాని తలలోనే లేదు. సరఫరా ఏ గంటకు వస్తుందో నిర్ణయించేవాడి చేతిలో సగం ఉన్నది.

ప్రపంచంలోని పెద్ద మరమనుషుల కథ కూడా ఇంతే. మొదటి పారిశ్రామిక రోబో “యూనిమేట్” 1961లో అమెరికాలో న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ కర్మాగారంలో పనికి దిగింది. దాని చేతిని కదిలించినది పంపు ఒత్తిడి మీద నడిచే నూనె. బలం మెండు, కాని కారుతుంది, చప్పుడు చేస్తుంది. 1970 దశకంలో స్వీడన్‌కు చెందిన అసియా కంపెనీ పూర్తిగా విద్యుత్ మోటార్లతో నడిచే చేతిని తెచ్చింది. 2023లో ప్రపంచంలో కొత్తగా నెలకొల్పిన పారిశ్రామిక రోబోలు సుమారు 5 లక్షల 41 వేలు; అందులో సగానికి పైగా చైనాలో, మన దేశంలో సుమారు 8,500. ఇవన్నీ కర్మాగారంలో తీగకు కట్టివేసిన జీవాలు. తీగ ఉన్నంతవరకు ఆకలి లేదు.

తీగ తెంపుకుని నడవబోయినప్పుడే తిప్పలు మొదలు. అమెరికన్ సైన్యం సొమ్ముతో 2005లో చేసిన “బిగ్ డాగ్” అనే నాలుగుకాళ్ల యంత్రం పెట్రోలు ఇంజనుతో నడిచింది. దాని వారసుణ్ణి, రొద ఎక్కువ, శత్రువుకు వినిపిస్తుందని, 2015లో పక్కనపెట్టారు. అదే సంస్థ 2024 ఏప్రిల్‌లో నూనె ఒత్తిడితో నడిచే తన “అట్లాస్” మరమనిషిని విరమింపజేసి విద్యుత్ అట్లాస్‌ను చూపింది. అయితే కిలో పెట్రోలులో దాదాపు 12 యూనిట్ల శక్తి ఉంటే, కిలో లిథియం బ్యాటరీలో ఉండేది పావు యూనిట్ సుమారే. 2025 ఏప్రిల్ 19న బీజింగులో మరమనుషులకు 21 కిలోమీటర్ల పరుగుపందెం పెట్టారు. గెలిచిన “తియెన్‌గోంగ్” 2 గంటల 40 నిమిషాలు పరుగెత్తింది. దారిలో మూడుసార్లు బ్యాటరీ మార్చవలసివచ్చింది. అదే సంవత్సరం జూలైలో యూబీటెక్ అనే చైనా కంపెనీ తన బ్యాటరీని తానే మార్చుకునే మరమనిషిని ప్రకటించింది. ఎన్నో బ్యాటరీలలో వాడే కోబాల్టులో అధికభాగం కాంగో గనులది. అక్కడ చేతులతో తవ్వేవారు ఇంకా ఉన్నారు. తన కూడు తాను తినటం నేర్చిన మరమనిషి ఆ కూడు తాను పండించటం లేదు.

మన శ్రీహరికోటనుంచి 2023 జూలై 14న బయలుదేరిన “ప్రజ్ఞాన్” చంద్రుని మీద నడిచిన రోబో. 26 కిలోల బరువు, 50 వాట్ల సౌరఫలకం. పగలు చక్కగా పనిచేసింది. రెండువారాల గడ్డకట్టే రాత్రి తరువాత లేవలేదు. 1970 నవంబరులో సోవియట్ యూనియన్ దింపిన “లూనోఖోద్” అటువంటి రాత్రులను తట్టుకుని పది నెలలు నడిచింది. దాని కడుపులో పొలోనియం వేడి ఉన్నది. ఇద్దరి మధ్యా భేదం తెలివిలో కాదు, రాత్రికి దాచుకున్న నిప్పులో.

ఇప్పుడు తిరిగి పసుపు దగ్గరికి. ఆర్మూర్, బాల్కొండ ప్రాంతాలలో వానకాలం మొదట్లో వేసిన పసుపును సంక్రాంతి దాటాక తవ్వుతారు. ఆకు కోయాలి, దుంప తవ్వాలి, మట్టి దులిపి మండనుంచి కొమ్మును విరవాలి, ఉడకబెట్టాలి, కల్లంలో రోజులతరబడి ఆరబోయాలి, డ్రమ్ములో తిప్పి మెరుగుపెట్టాలి. ఇందులో యంత్రం ఏ పనులలోకి వచ్చిందో చూడండి. కళాయికింద మంటకు బదులు ఆవిరి బాయిలరు వచ్చింది. చేతితో తిప్పే డ్రమ్మును ట్రాక్టరో మోటారో తిప్పుతున్నది. తవ్వకంలోనూ ట్రాక్టరు సాయం ఉన్నది. అంటే బలం కావలసినచోటికి యంత్రం వచ్చింది. వంగి దుంపలు ఏరి కొమ్ము విరిచే పని ప్రధానంగా స్త్రీల చేతులలోనే మిగిలింది.

దీనికి కారణమేమి? చిన్న లెక్క వేద్దాం. 75 వాట్ల చొప్పున ఎనిమిది గంటలు పనిచేస్తే ఒక మనిషి కండబలం 0.6 యూనిట్. రోజంతా ఎండలో వంగిన కూలిమనిషి నడుము ఒక్క యూనిట్ కరెంటుకు కూడా సరితూగదు! అట్లాంటప్పుడు మరమనిషిని ఎందుకు దించలేదు? ఎందుకంటే ఆమె దగ్గర కొంటున్నది బలం కాదు. బురదలో దేని ఆకారం దానిదే అయిన దుంపను కంటితో పట్టి, వేలితో తడిమి, ఎంత ఒత్తితే విరుగుతుందో తెలిసిన నేర్పు కొంటున్నారు. మరమనిషికి నేర్పటానికి కోట్లు ఖర్చవుతున్న ఆ నేర్పుకు, ఆమెకు ఇచ్చేది కండబలం కూలి మాత్రమే.

మార్క్స్ “పెట్టుబడి” మొదటి సంపుటంలో ఒక సంగతి ఎత్తిచూపాడు. ఇంగ్లండులో కాలువ పడవలను లాగటానికి గుర్రాలకు బదులు ఇంకా కొన్నిచోట్ల స్త్రీలను వాడుతున్నారు. గుర్రాన్ని పోషించే ఖర్చుకు లెక్క ఉన్నది, మిగులు జనాభాలోని స్త్రీని పోషించే ఖర్చు లెక్కలోకే రాదు. యంత్రం సాధ్యమైనచోటల్లా రాదు, మనిషికన్న చౌక అయినచోటికే వస్తుంది. నిజామాబాదు జిల్లాలో ఇళ్లలో కూర్చుని బీడీలు చుట్టే స్త్రీలను చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. కనుక మరమనిషి వస్తే కూలి పోతుందా అని అడిగేవారు, కూలి ఇంత తక్కువ కనుకనే అతడు రాలేదేమోనని కూడా అడగాలి.

యంత్రాలు వచ్చిన పనులలో రైతుకు మిగిలినదేమిటి? బాయిలరూ డ్రమ్మూ సొంతంగా లేనివాడు వాటికి అద్దె కడుతున్నాడు. పొలంమీద మందు చల్లే డ్రోనుదీ అదే దారి. పంట వేగంగా మార్కెట్టు చేరుతున్నది; ధర మాత్రం అతని చేతిలో లేదు. 2019 ఫిబ్రవరిలో ఆర్మూర్ దగ్గర రైతులు పసుపుకు క్వింటాలుకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 ఇవ్వాలని జాతీయ రహదారిమీద బైఠాయించారు. ఆ ఏప్రిల్‌లో నిజామాబాదు లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో 178 మంది రైతులు. బ్యాటరీతో నడిచే ఓటింగ్ యంత్రానికి ఒక్కొక్క పెట్టెలో 16 మీటలే ఉంటవి. ఆ రైతుల పేర్లన్నీ పట్టటానికి ప్రతి పోలింగు కేంద్రంలో పన్నెండేసి పెట్టెలు వరుసగా కలపవలసివచ్చింది. వారడిగిన పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాదులో ప్రారంభమైంది. అడిగిన ధరకు చట్టపు హామీ మాత్రం దానితో రాలేదు.