సారా ప్యాకెట్టూ ఆధునికతే, పలకా ఆధునికతే

పల్లెల గురించి మన ఐటీ వాళ్ళ మధ్య వాదన మొదలైతే రెండే పార్టీలు. "టీవీలు, సెల్‌ఫోన్లు వచ్చి పల్లె పాడైపోయిందండీ" అనేవాళ్ళు ఒక పక్క. "అసలు పల్లెలో ఏముందని, కులమూ అప్పులూ తప్ప" అనేవాళ్ళు ఇంకో పక్క. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట: మార్పు బయటి నుంచి వస్తుంది, పల్లె దాన్ని భరిస్తుంది. నేనైతే ఒప్పుకోను. ఎందుకో చెప్పడానికి నెల్లూరు జిల్లా పడమటి మెట్ట చాలు.

ఉదయగిరి అనగానే మనకు గుర్తొచ్చేది 1514. కృష్ణదేవరాయలు గజపతుల నుంచి కోట గెలుచుకున్న ఏడాది. మన పాఠం అక్కడితో సరి. ఆ తర్వాత ఆ కొండ కింద జనం ఎలా బతికారో ఎవరికీ పట్టదు.

నీళ్ళ సంగతే చూడండి. బ్రిటిష్ వాళ్ళు 19వ శతాబ్దంలో పెన్న మీద నెల్లూరు దగ్గరా, ఆత్మకూరుకు దగ్గర్లోని సంగం దగ్గరా ఆనకట్టలు కట్టారు. వరి పండింది దిగువన డెల్టాలో. స్వాతంత్ర్యం వచ్చాక ఆత్మకూరు పక్కనే 78 టీఎంసీల సోమశిల కట్టారు. దాని మీదుగా తెలుగుగంగ నీళ్ళు కండలేరుకు, అక్కణ్ణుంచి 1996లో మద్రాసుకు చేరాయి. ఉదయగిరి వైపు మెట్ట చేలకు మాత్రం ఎప్పటిలాగే వానే దిక్కు. నీళ్ళు పోయిన దారే మనుషులూ పట్టారు: నెల్లూరు, మద్రాసు, బెంగళూరు.

ఒక కొత్త సరుకు మాత్రం ఏ లోటూ లేకుండా ఊరి దాకా వచ్చింది. సారా! 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. అదే దశాబ్దంలో 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో నింపి ఊళ్ళకు చేర్చే ఏర్పాటూ చేసింది. మంచినీళ్ళు రాని ఊరికి కూడా సారా ప్యాకెట్ వచ్చేది. ప్లాస్టిక్, రవాణా, వేలంపాట, ఖజానాకు ఆదాయం... అంతా పక్కా ఆధునిక వ్యవస్థే. మన భాషలో చెప్పాలంటే అద్భుతమైన డెలివరీ నెట్‌వర్క్. బియ్యం మీద మిగిలిన రూపాయి సాయంత్రానికి సారా కొట్టుకు చేరేది.

తర్వాత అదే దారిన ఇంకో ఆధునిక సరుకు వచ్చింది. పలక. 1991లో జిల్లాలో అక్షరదీపం పేరుతో వయోజనులకు చదువు నేర్పడం మొదలైంది. ఆ వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉండేది, మొగుడి తాగుడుకు బలైన ఇల్లాలి కథ. చదివిన ఆడవాళ్ళకు అది కథలా అనిపించలేదు, తమ ఇంటి సంగతే అనిపించింది. ఉదయగిరి నియోజకవర్గంలోనే, కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా ఊళ్ళోకి రాకుండా అడ్డుపడ్డారు. వాళ్ళ ముందు నిలబడ్డ వర్ధినేని రోశమ్మ పేరు చివరికి దూబగుంట రోశమ్మగానే నిలిచిపోయింది. ఆ గెలుపు కథ తర్వాతి వాచకంలో 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమై పక్క ఊళ్ళకు చేరింది. ఒక ఊరు చేసిన పని ఇంకో ఊరికి పాఠం! 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరక్కుండా అడ్డుకున్నారు. చేతుల్లో ఆయుధాలు చీపురూ కారప్పొడీ, అంటే వంటింటి సామానే.

1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బంద్ అయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో పోయింది. "మరి ఏం మిగిలింది?" అని అడగొచ్చు. పొదుపు మిగిలింది. సారా ఉద్యమం వెనకే నెల్లూరులో 'పొదుపు లక్ష్మి' సంఘాలు పుట్టాయి. రోజుకు ఒక రూపాయి. సారా కొట్టుకు పోయే రూపాయే. పేరు రాయడం, పుస్తకంలో లెక్క చూసుకోవడం, బ్యాంకు మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చోవడం... ఇవి నిషేధంతో పాటు రద్దు కాలేదు.

ఇక్కడే నా పాయింటు. ప్యాకెట్టూ పలకా రెండూ బయటి నుంచి వచ్చినవే, రెండింటి వెనకా ఉన్నది ప్రభుత్వమే. కానీ ఒకటి అడక్కుండా వచ్చి జేబు ఖాళీ చేసింది, రెండోది నోరిచ్చింది. ఆ నోటితోనే మొదటిదాన్ని వద్దన్నారు. ఆధునికత మొత్తం ఒకే ప్యాకేజీ, ఉంటే అంతా ఉండాలి లేకపోతే అంతా తీసెయ్యాలి అనుకునేది చదువుకున్న మనమే. అక్షరాలు కూడా సరిగ్గా రాని ఆడవాళ్ళు ఇది కావాలి, ఇది వద్దు అని విడదీసి చూపించారు.

సంప్రదాయం పోతోందని బెంగపడే మిత్రులకు ఒక మాట. ఆ సంప్రదాయంలో మొగుడి తాగుడు భరించడం కూడా ఆడదాని వంతే. అది పోయినందుకు బెంగ దేనికి? ఇక అభివృద్ధి వీరాభిమానులకు ఇంకో మాట. పక్కనే ఆనకట్ట ఉన్నంత మాత్రాన మెట్టకు నీళ్ళు రావు, ఎవరికి నీళ్ళని అడిగే నోరు కూడా ఉండాలి. మన ఊళ్ళు మారాలా వద్దా అన్నది పాత ప్రశ్న. ఏది రావాలో తేల్చేది ఎవరు? ఇప్పుడు అడగాల్సింది అదీ.