కిమ్చి ఎప్పుడు ఎర్రబడింది?

కొరియా వంట అనగానే కళ్ళ ముందుకొచ్చేది ఎరుపు. కిమ్చి ఎరుపు, గోచుజాంగ్ ఎరుపు, తొక్‌బొక్కీ ఎరుపు. కొరియా సీరియళ్ళ పుణ్యమా అని మన ఊళ్ళ సూపర్ మార్కెట్లలో కూడా ఈ ఎర్ర డబ్బాలు కనిపిస్తున్నాయి. వీటి గురించి ఏ వీడియో చూసినా ఒక మాట మాత్రం తప్పకుండా ఉంటుంది, "వేల ఏళ్ళ నాటి సంప్రదాయం" అని. ఈ "వేల ఏళ్ళ" మాట వినబడితే చాలు, నాకు చెయ్యి దురద పెడుతుంది. ఈ విషయంలో మనవాళ్ళూ తక్కువేం కాదు లెండి. అందుకని ఈ టపాలో ఒక కిమ్చి జాడీ ముందు పెట్టుకుని, లోపలున్న సరుకు ఒక్కొక్కటే బయటికి తీసి ఏది ఎప్పుడొచ్చిందో చూద్దాం.

ముందు ఇంట్లో ఎలా చేస్తారో చెప్తాను. చైనా క్యాబేజీని నిలువుగా చీల్చి, ఆకుల మధ్య కల్లుప్పు చల్లి రాత్రంతా వదిలేస్తారు. తెల్లారేసరికి ఆకు వంచితే పుటుక్కున విరక్కుండా మెత్తగా వంగాలి. అప్పుడు రెండు మూడు సార్లు కడిగి నీళ్ళు ఓడుస్తారు. ఈలోపు బియ్యప్పిండి పల్చగా గంజిలా కాచి చల్లార్చి, అందులో మిరపపొడి, వెల్లుల్లి, అల్లం, ఉల్లికాడలు, సన్నగా తరిగిన ముల్లంగి, ఉప్పులో ఊరిన చిన్న రొయ్యలో నెత్తళ్ళ ఊటో కలుపుతారు. ఆ ముద్దని ఒక్కో ఆకు మధ్యా పూసి, జాడీలో గాలి చొరబడకుండా అదిమి పెడతారు. వెనిగర్ వెయ్యరు. పులుపంతా బాక్టీరియా చలవే, మన ఇడ్లీ పిండిలో లాగా. (ఇంట్లో ప్రయత్నించేవాళ్ళకి ఒక మాట: వాళ్ళ పొడి గింజ తీసేసి బరగ్గా కొట్టింది, కారం తక్కువ. అదే కొలతతో గుంటూరు కారం వేస్తే తినలేరు. బ్యాడిగి మిరపకాయలు బరగ్గా కొట్టుకుంటే కాస్త దగ్గరికొస్తుంది.)

సరే, మిరపకాయ సంగతి. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. కొలంబస్ 1492లో అటు వెళ్ళేదాకా ఆసియాలో ఎవరికీ మిరపకాయంటే తెలీదు, మనకైనా, కొరియా వాళ్ళకైనా. అప్పటిదాకా కొరియా వాళ్ళ ఘాటంతా అల్లం, వెల్లుల్లి, నాలుకకి తిమ్మిరెక్కించే ఒక చెట్టు కాయ, ఇంకా మిరియాలు. మిరియాలు వాళ్ళ నేలలో పండవు, కొనుక్కోవాలి. దీని మీద భలే కథ ఒకటుంది. 1580ల్లో జపాన్ నుంచి ఒక దూత వచ్చాడు. విందు జరుగుతుండగా కావాలనే గుప్పెడు మిరియాలు చాప మీద చల్లాడట. అంతే, పాటగాళ్ళూ నాట్యకత్తెలూ అన్నీ వదిలేసి వాటికోసం ఎగబడ్డారట. దూత బసకి తిరిగొచ్చి, క్రమశిక్షణ ఇంత ఘోరంగా ఉన్న దేశం నిలబడదు అన్నాడట. ఇది యుద్ధకాలంలో మంత్రిగా చేసిన ర్యూ సాంగ్-ర్యోంగ్ తన "జింగ్‌బిరోక్"లో రాసుకున్నాడు. తర్వాత 1592లో జపాన్ సైన్యం నిజంగానే వచ్చి పడింది. 1598 దాకా దేశం అతలాకుతలం అయ్యింది.

మిరపకాయ కొరియాలో అడుగుపెట్టింది ఆ రోజుల్లోనే, ఆ చుట్టుపక్కలే. 1614లో యీ సు-గ్వాంగ్ అనే పండితుడు రాసిన "జిబోంగ్ యుసోల్" అనే విజ్ఞాన గ్రంథంలో దీని ప్రస్తావన ఉంది. జనం దాన్ని ఏమని పిలుస్తారని ఆయన రాశాడో తెలుసా? "జపాన్ ఆవాలు". జపాన్ నుంచి వచ్చిందనీ, విషమనీ, సారా కొట్ల వాళ్ళు దీన్ని నాటి సారాలో కలుపుతున్నారనీ, అది తాగి చాలామంది పోయారనీ రాశాడు. తమాషా ఏంటంటే, జపాన్ పాత పుస్తకాల్లో కొన్ని మిరపకాయ తమకి కొరియా నుంచి వచ్చిందంటాయి. ఇప్పుడు కొరియా ఇంటి గుర్తుగా చెలామణీ అవుతున్న వస్తువుని ఆ రోజుల్లో మాది కాదంటే మాది కాదని ఇద్దరూ తోసుకున్నారన్నమాట.

ఇక్కడే నాకు బాగా నచ్చిన మనిషి ఒకావిడ వస్తుంది. పేరు జాంగ్ గ్యే-హ్యాంగ్ (1598-1680). సరిగ్గా ఆ యుద్ధం ముగిసిన ఏడు పుట్టింది. డెబ్భై దాటాక, 1670 ప్రాంతంలో, మసకబారిన చూపుతో కూర్చుని ఒక వంటల పుస్తకం రాసింది. "ఉమ్‌సిక్ దిమిబాంగ్" దాని పేరు. అప్పటి పండితులంతా చైనా లిపిలో రాసుకుంటుంటే ఈవిడ ఆడవాళ్ళు చదవగలిగే కొరియా లిపి, అదే హంగుల్‌లో రాసింది. మొత్తం 146 వంటకాలు, అందులో యాభైకి పైగా కల్లూ సారా రకాలే! చివర్లో కూతుళ్ళకి ఒక షరతు పెట్టింది: కావలిస్తే నకలు రాసుకుని పట్టుకెళ్ళండి, అసలు ప్రతిని మాత్రం ఇల్లు దాటించొద్దు అని. మా భాషలో చెప్పాలంటే కాపీ తీసుకోవచ్చు, ఒరిజినల్ మీద చెయ్యి వెయ్యకూడదు. ఆ క్రమశిక్షణ వల్లే పుస్తకం మనదాకా వచ్చింది.

ఆ 146లో మిరపకాయ ఒక్కచోట కూడా లేదు. కిమ్చిలున్నాయి. అయితే అవి నెమలికోడి మాంసంతో ఒకటి, కొండ ఆవాకుతో ఒకటి, బూడిదగుమ్మడికాయతో ఒకటి. బూడిదగుమ్మడి కిమ్చి! మన ఒడియాల గుమ్మడికాయే. ఎక్కడా ఎరుపు లేదు, చైనా క్యాబేజీ బొత్తిగా లేదు. మిరపకాయ దేశంలోకొచ్చి యాభై ఏళ్ళు దాటినా, ఒక పెద్దింటి ఇల్లాలికి అది వంటసరుకుగా లెక్కలోకే రాలేదు.

మరి ఎప్పుడొచ్చింది? యూ జుంగ్-ఇమ్ 1766లో పాత వ్యవసాయ గ్రంథమొకటి పెంచి రాశాడు. కిమ్చిలో మిరపకాయ వెయ్యడం, మిరపకాయతో జాంగ్ పెట్టడం, అంటే గోచుజాంగ్, అందులో ఉన్నాయి. 1614 నుంచి 1766, నూటయాభై రెండేళ్ళు. విషం అన్న చోటు నుంచి జాడీలోకి రావడానికి అంత కాలం పట్టింది. ఎందుకొచ్చిందనే దానికి చరిత్రకారులు చెప్పేవాటిలో నాకు సబబుగా తోచేది చేపల సంగతి. కిమ్చిలో ఊరిన చేపలూ రొయ్యలూ కలపడం మొదలయ్యాక నీచు వాసన ఒక సమస్య. కారం దాన్ని అణిచింది. ఉప్పు ఖరీదైన రోజుల్లో కాస్త ఉప్పు తగ్గించుకోడానికీ పనికొచ్చింది.

కొరియాలోనే కొంతమంది పరిశోధకులు దీన్ని ఒప్పుకోరు. మిరప మా దేశంలో కొలంబస్‌కి ముందునుంచే ఉందని, పాత గ్రంథాల్లో "చో" అనే అక్షరం చూపించి వాదిస్తారు. ఆ అక్షరం ఘాటుగా ఉండే చాలా వాటికి వాడేవారు. మిరప జాతుల అడవి బంధువులన్నీ అమెరికా ఖండంలోనే ఉంటే, ఒక అక్షరం పట్టుకుని మొక్కని సముద్రం దాటించలేం కదా.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి అదీ చూసేద్దాం. కిమ్చికి సముద్రపు కల్లుప్పే వాడాలి, అదే సంప్రదాయం అంటారు. కానీ పూర్వం కొరియాలో ఉప్పు ఎండలో పండించేవారు కాదు, ఉప్పునీళ్ళు మరగబెట్టి తీసేవారు. కట్టెలకి కట్టెలు తగలడేవి, అందుకే అంత ఖరీదు. మన తీరంలో లాగా మళ్ళు కట్టి ఎండబెట్టే పద్ధతి 1907లో ఇంచాన్ దగ్గర జువాన్‌లో జపాన్ వాళ్ళ చేతిమీదుగా మొదలైంది. ఇంకో వింత: ఈ ఎండ ఉప్పు 2008 దాకా అక్కడి చట్టంలో ఆహారం కాదు, ఖనిజం! తింటూనే ఉన్నారు, కాగితం మీద మాత్రం రాయి కింద లెక్క.

ఇంతకీ అన్నీ కొత్తవే అయితే పాతదేదీ లేదా అంటే, ఉంది. జాడీలోని సరుకు మారిందిగానీ ఊరబెట్టే విద్య మాత్రం నిజంగానే పాతది. 683లో షిల్లా రాజు సిన్‌మున్ పెళ్ళికి పంపిన సారెలో జాంగ్ ఉందని వాళ్ళ చరిత్ర గ్రంథం "సామ్‌గుక్ సాగీ" చెప్తోంది. 13వ శతాబ్దపు కవి యీ గ్యూ-బో ముల్లంగిని ఎండాకాలం జాంగ్‌లో, చలికాలానికి ఉప్పులో ఊరబెట్టుకోవడం గురించి రాశాడు. జాంగ్ అంటే సోయా గింజలతో చేసే ఊరుడు ముద్ద, రసం. గింజలు మెత్తగా ఉడికించి దంచి ఇటుకల్లా చేస్తారు, వాటిని మేజు అంటారు. వరిగడ్డితో కట్టి వేలాడదీస్తారు. గడ్డిలో ఉండే బాసిల్లస్ బాక్టీరియా, గాలిలోంచి వచ్చే బూజు దాన్ని పట్టుకుంటాయి. తర్వాత ఆ ఇటుకల్ని మట్టి జాడీలో ఉప్పునీళ్ళలో ముంచి, పైన బొగ్గుముక్కలూ ఎండుమిరపకాయలూ వేసి ఒకటి రెండు నెలలు ఉంచుతారు. పైన తేరిన నల్లటి రసం కన్‌జాంగ్, అడుగున మిగిలిన ముద్ద దోయెన్‌జాంగ్. ఒకే జాడీ నుంచి రెండు సరుకులు, వృథా సున్నా. ఓంగీ అనే ఆ మట్టి జాడీకి కంటికి కనపడని రంధ్రాలుంటాయి. ఎండకి మూత తియ్యాలి, వానకి మూత పెట్టాలి, ఏళ్ళ తరబడి రోజూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఆ "ఎవరో ఒకరు" ఎప్పుడూ ఇంటి ఆడవాళ్ళే. యునెస్కో జాబితాలోకి 2013లో ఎక్కింది కిమ్చి కాదు, కిమ్‌జాంగ్, అంటే చలికాలానికి ముందు అంతా కలిసి కిమ్చి పెట్టి పంచుకోవడం. 2024లో జాంగ్ పెట్టే విద్య ఎక్కింది. ఈ విషయంలో యునెస్కో వాళ్ళే నయం, వస్తువుకి కాకుండా పనికి గుర్తింపు ఇచ్చారు.

ఇక జాడీలో మిగిలింది క్యాబేజీ. ఆకులు దగ్గరగా ముడుచుకుని ఉండే ఈ రకం కొరియాకి చైనా నుంచి వచ్చి స్థిరపడింది 19వ శతాబ్దం చివర్లోనే. అంతకుముందు కిమ్చి అంటే ప్రధానంగా ముల్లంగి, దోస, ఆకుకూరలు. ఈ క్యాబేజీ విత్తనాన్ని కొరియాదిగా చేసినాయన జీవితం సినిమా కథకి తీసిపోదు.

వూ జాంగ్-చున్ 1898లో జపాన్‌లో పుట్టాడు. తల్లి జపనీయురాలు. తండ్రి కొరియా సైనికాధికారి, 1895లో కొరియా రాణి మ్యోంగ్‌సాంగ్ హత్యలో పాలుపంచుకుని జపాన్ పారిపోయినవాడు. 1903లో ఆ తండ్రినీ చంపేశారు. కొరియాలో రాజద్రోహి కొడుకు, జపాన్‌లో పరాయివాడు. అనాథాశ్రమంలో కొన్నాళ్ళు, బీదరికం, ఆ తర్వాత వ్యవసాయ పరిశోధన. 1935లో ఆయన ఆవ కుటుంబం మొక్కల మీద వేసిన వ్యాసం ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. క్రోమోజోముల లెక్కతో చూపించిందేంటంటే, ఈ కుటుంబంలో మూడు మూల జాతులున్నాయి, వాటిలో రెండేసి కలిస్తే ఇంకో మూడు పుట్టాయి. ఇప్పటికీ వృక్షశాస్త్రం పుస్తకాల్లో "వూ త్రిభుజం" అంటే ఇదే. 10 జతల క్రోమోజోములున్న చైనా క్యాబేజీ జాతికీ 8 జతలున్న నల్ల ఆవాలకీ పుట్టిన 18 జతల బిడ్డ ఎవరనుకున్నారు? మన ఆవకాయలో పడే ఆవాలు! కిమ్చి క్యాబేజీ మన ఆవాలకి సాక్షాత్తూ కన్నవాళ్ళ వైపు చుట్టం. దక్షిణ తీరంలో యోసు దగ్గర ఆవాకుతోనే కిమ్చి పెడతారు కూడా. మనం గింజ తింటాం, వాళ్ళు ఆకు తింటారు.

1945లో స్వాతంత్ర్యం వచ్చాక కొరియాకి కూరగాయల విత్తనాలు లేవు, అన్నీ జపాన్ నుంచే వచ్చేవి. పిలిస్తే ఈయన 1950లో భార్యాపిల్లల్ని జపాన్‌లో వదిలి పూసాన్ వచ్చాడు. కొన్ని నెలలకే యుద్ధం. ఆ పరిస్థితిలోనే క్యాబేజీ, ముల్లంగి విత్తనాలు దేశంలోనే తయారయ్యేలా చేశాడు. 1953లో తల్లి చనిపోతే జపాన్ వెళ్ళడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు, వెళ్తే తిరిగిరాడేమోనని. పరామర్శకి వచ్చినవాళ్ళిచ్చిన డబ్బుతో పరిశోధనా కేంద్రంలో తల్లి పేరున ఒక బావి తవ్వించాడు. 1959లో కొరియాలోనే పోయాడు. కొరియాలో చాలామందికి ఆయన "గింజల్లేని పుచ్చకాయ కనిపెట్టినాయన"గా తెలుసు. అది కనిపెట్టింది జపాన్ శాస్త్రవేత్త కిహారా, ఈయన జనానికి చూపించాడంతే. చేసిన పనికి కాకుండా చెయ్యని పనికి పేరు రావడం ఈయన ఖర్మ.

ఈ విత్తనాల కథ ఆయనతో అయిపోలేదు. 1997 ఆర్థిక సంక్షోభంలో కొరియా విత్తనాల కంపెనీలు బేరానికొచ్చాయి. వాటిలో పెద్దవైన హంగ్‌నోంగ్, చూంగాంగ్‌లని 1998లో సెమినిస్ అనే విదేశీ కంపెనీ కొంది. 2005లో సెమినిస్‌ని మాన్‌శాంటో కొంది. ఈ పేరు మనకి కొత్త కాదు. పత్తి విత్తనాల ధర మీద 2006లో మన రాష్ట్ర ప్రభుత్వం ఎంఆర్‌టీపీసీ దాకా వెళ్ళి పోరాడింది ఈ కంపెనీ భాగస్వామ్యం మీదే. 2012లో ఒక కొరియా కంపెనీ ఆ వ్యాపారంలో చాలా భాగం తిరిగి కొనుక్కుంది. కానీ చంగ్యాంగ్ అనే మిర్చి రకాన్ని మాన్‌శాంటో తన దగ్గరే అట్టిపెట్టుకుంది. కొరియా ఇళ్ళలో పులుసుల్లోకీ కూరల్లోకీ ఘాటుగా కావాలంటే వేసుకునే పచ్చిమిరపకాయ అది, 1980ల్లో చూంగాంగ్ వాళ్ళు తయారు చేసిన రకం. 2018లో మాన్‌శాంటోని జర్మనీ బేయర్ కొనేసింది.

2020లో చైనా తన పావ్‌సాయ్ అనే ఊరగాయకి అంతర్జాతీయ ప్రమాణం తెచ్చుకుందని కిమ్చి ఎవరిదన్న గొడవతో రెండు దేశాల నెట్టిళ్ళు దద్దరిల్లిపోయాయి. దక్షిణ కొరియా 2021లో కిమ్చికి చైనా భాషలో "షిన్‌చీ" అని వేరే పేరు కూడా ఖాయం చేసింది. ఆ గొడవలో చంగ్యాంగ్ విత్తనం ఎవరి చేతిలో ఉందన్న మాట నాకైతే ఎక్కడా తగల్లేదు.