గుడ్డు గుర్తుంది, మాట మర్చిపోయాం: అంగన్‌వాడీ వెనక కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. పసిబిడ్డతో మనం మాట్లాడే మాటలకి కూడా ఒక హిస్టరీ ఉంది. ఇవాళ అదే చెప్పుకుందాం.

అంగన్‌వాడీ అనగానే మీకేం గుర్తొస్తుంది? గుడ్డు, పాలు, తూకం మిషన్. మా నెల్లూరు తీరంలో మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా ఏ పల్లెపాళెంలో అడిగినా ఇదే చెప్తారు. కానీ ఆ పేరు పుట్టింది తిండి కోసం కాదు, ఆట కోసం.

1939లో ఇటలీకి చెందిన మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారుకి వచ్చారు, టీచర్లకి ట్రైనింగ్ ఇవ్వడానికి. నెల్లూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. ఇంతలో యుద్ధం వచ్చింది, ఇటలీ శత్రుదేశం అయింది, ఆవిడ 1946 దాకా ఇండియాలోనే ఉండిపోయారు. చిన్నబిడ్డ చుట్టూ ఉన్న భాషని ఎవరూ పాఠం చెప్పకుండానే పీల్చుకుంటుంది అని చెప్పే ఆవిడ పుస్తకం 1949లో అచ్చయింది కూడా అడయారులోనే.

ఆవిడ పద్ధతిని నమ్మిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ అనే ఊళ్లో పిల్లల బడి పెట్టారు. పేద పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకెళ్లారు. అంగన్ అంటే వాకిలి. అంగన్‌వాడీ అనే పేరు అక్కడిదే అంటారు. తర్వాత 1953లో మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి సెంట్రల్ సోషల్ వెల్ఫేర్ బోర్డుకి మొదటి చైర్మన్ అయ్యారు, పల్లెల్లో బాల్వాడీలు నడిపించారు.

ఇక 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ మొదలైంది, దేశం మొత్తంలో 33 ప్రాజెక్టులతో. ఆరు సర్వీసులు ఇచ్చారు: పోషకాహారం, టీకాలు, హెల్త్ చెకప్, ఆసుపత్రికి పంపడం, ఆడవాళ్లకి ఆరోగ్య పాఠాలు, ప్రీస్కూల్. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ ప్రీస్కూల్ మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకి. మరి మూడేళ్లలోపు బిడ్డకి? తిండి, టీకా, తూకం. అంతే. బరువు రాయడానికి కాలమ్ ఉంది. ఇవాళ బిడ్డతో ఎవరు మాట్లాడారు అని రాయడానికి కాలమ్ లేదు. నేను డేటాబేస్‌లతో పనిచేసి వచ్చినవాణ్ణి, టేబుల్‌లో కాలమ్ లేని విషయం గురించి మీటింగ్‌లో ఎవరూ అడగరు.

వాళ్లని తప్పుపట్టలేం. ఆకలి పెద్ద సమస్య. పైగా మాటల సంగతి ఇంట్లో జరిగిపోతుందిలే అనుకుని ఉంటారు. నిజంగానే జరిగేది. పల్లెపాళెంలో పడవలు ఒడ్డుకి రాగానే అమ్మ చేపల గంప ఎత్తుకుని ఊళ్ల మీదకి పోద్ది. బిడ్డ పాత చీర ఉయ్యాల్లో, అవ్వ పక్కన. అవ్వ ఎండు చేపల మీద కాకుల్ని తోలతా బిడ్డతో ఏందో ఒకటి మాట్లాడతానే ఉంటది. బిడ్డ "ఉంగా" అంటే, "ఔనా నాయనా, ఇంకేంది చెప్పు" అంటది. తారంగం ఆడిస్తది, దోబూచి ఆడతది, చందమామని చూపించి ముద్ద పెడతది.

ఈ "ఉంగా"కి "ఔనా" అనడమే అసలు మ్యాటర్. దీన్నే హార్వర్డ్ వాళ్లు సర్వ్ అండ్ రిటర్న్ అంటారు. మన భాషలో పింగ్, రిప్లై. బిడ్డ చూపో, శబ్దమో, వేలితో చూపించడమో పంపిస్తుంది. పెద్దవాళ్లు దానికి సరిపోయే రిప్లై ఇస్తారు. ఇది రోజూ వందల సార్లు జరిగితే మెదడులో ఆ కనెక్షన్లు గట్టిపడతాయి. మొదటి కొన్నేళ్లలో సెకనుకి పది లక్షలకు పైగా కనెక్షన్లు ఏర్పడతాయని వాళ్ల లెక్క.

దీనికి నాకు బాగా నచ్చిన ప్రూఫ్ జమైకాది. 1980ల్లో కింగ్‌స్టన్ పేటల్లో ఎదుగుదల తగ్గిన 129 మంది పిల్లల్ని గ్రూపులు చేశారు. కొందరికి పాలపొడి, కొందరికి వారానికో గంట ఆట, మాట, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. ఆరోగ్య కార్యకర్త ఇంటికొచ్చి పాత సామానుతో చేసిన బొమ్మలతో బిడ్డని ఎలా ఆడించాలో తల్లికి చూపించేది. రెండేళ్లు, అంతే. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే ఆట, మాట దొరికిన వాళ్ల సంపాదన దొరకని వాళ్ల కంటే దాదాపు 25 శాతం ఎక్కువ. ఒక్క పాలపొడితో ఆ తేడా నిలబడలేదు.

ఇప్పుడు ఆ ఉయ్యాల పక్కన ఫోన్ ఉంది. రైమ్స్ వీడియో ఎంత బాగున్నా బిడ్డ "ఉంగా" అంటే ఆగదు. నా వీడియో కూడా ఆగదు లెండి.

2024లో కేంద్రం నవచేతన అని మూడేళ్లలోపు పిల్లల కోసం ఒక ఫ్రేమ్‌వర్క్ తెచ్చింది, 36 నెలలకీ నెలవారీగా ఏం ఆడించాలో చెప్తూ. యాభై ఏళ్లకి ఆ కాలమ్ వచ్చింది. బిడ్డతో మాట్లాడండి, పాడండి, దాక్కుని కనిపించండి... చదివితే సగం మన అవ్వలు చేసేవే.

అందుకే ఒక పని అడుగుతున్నా. మీ ఇంట్లో అవ్వో, అమ్మమ్మో బిడ్డని ఆడించేటప్పుడు ఫోన్‌లో ఆడియో రికార్డర్ ఆన్ చేయండి. వీడియో వద్దు, బిడ్డ పేరు వద్దు, అవ్వని ముందే అడగండి. ఏ పాళెంలో ఏ మాటలతో ఆడిస్తారో నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలిపి విందాం.