ఊపిరి చూడాలా, నాడి చూడాలా?

బేగంపేటలో రొనాల్డ్ రాస్ పేరు పెట్టుకున్న పాత భవనం సికింద్రాబాద్ వాళ్లకు తెలుసు. 1897 ఆగస్టులో దోమ పొట్టలో మలేరియా క్రిమి జాడ దొరికింది అక్కడే. దానికి ఎనిమిదేళ్ల ముందు హైదరాబాద్‌లో ఇంకో పెద్ద పరిశోధన జరిగింది. నొప్పి తెలియకుండా చేసే మందు మనిషి ప్రాణం ఎలా తీస్తుందన్నది అక్కడి ప్రశ్న.

1847 నవంబరులో ఎడిన్‌బరోలో సింప్సన్ అనే వైద్యుడు మత్తు కోసం క్లోరోఫాం వాడటం మొదలుపెట్టాడు. మూడు నెలలు తిరక్కముందే ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి ఆ మత్తులోనే చనిపోయింది. గోటి కోసం ప్రాణం! వైద్యులు రెండుగా చీలిపోయారు. ముందు ఆగేది గుండె, నాడి వదలొద్దన్నారు లండన్ వాళ్లు. ఊపిరి గమనిస్తే చాలన్నారు ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ శిష్యులు.

ఆ శిష్యుల్లో ఒకడు హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. 1888లో కమిషన్ వేసి, కుక్కల మీద పరీక్షించి, గురువు మాటే నిజమని తేల్చాడు. లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1000 పౌండ్లు ఇస్తాను, మీ మనిషినే పంపమన్నాడు. 1889లో వచ్చిన లాడర్ బ్రంటన్ గుండె పక్షం వాడు. వందల జంతువులకు మత్తిచ్చి చూశాక, ఊపిరే ముందు ఆగుతోందని ఒప్పుకున్నాడు. అంత పేరున్నవాడు తన మాట మార్చుకోవడం చిన్న విషయం కాదు.

లారీకి అనుమానం అన్నది లేదు. మలేరియా క్రిమిని కూడా ఆయన నమ్మలేదు. రాస్ దాని జాడ పట్టింది ఆయన ఊరి పక్కనే.

1911లో లెవీ అనే పరిశోధకుడు అసలు సంగతి బయటపెట్టాడు. మత్తు పలచగా ఉన్నప్పుడు పిల్లులకు అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె కొట్టుకోవడం మాని వణికి ఆగిపోయింది. భయపడ్డ మనిషి ఒంట్లో ఊరేదీ అడ్రినలినే. హైదరాబాద్‌లో వెతికింది మత్తు ఎక్కువైతే వచ్చే చావును. పలచని మత్తులో పొంచి ఉన్న చావు ఆ లెక్కలోకి రాలేదు. నాడి చూడక్కర్లేదన్న మాట మాత్రం ఆపరేషన్ గదుల్లోకి వెళ్లిపోయింది.

  

హైదరాబాద్ ఆపరేషన్ గదుల్లో మత్తిచ్చే పని భుజానికెత్తుకున్నది రూపాబాయి ఫర్దూన్‌జీ. లారీ దగ్గర చదువుకుని, ఏళ్ల పాటు రోగులకు క్లోరోఫాం ఇచ్చింది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకతె. 1908 మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని తుడిచిపెట్టింది. ఆ మరుసటేడే ఆమె తను ఇచ్చే మందుల గురించి ఇంకా తెలుసుకోవాలని, రసాయన, భౌతిక శాస్త్రాలు చదవడానికి ఎడిన్‌బరో ఓడ ఎక్కింది.