చలనచిత్ర కూర్పులో సాఫ్ట్‌వేర్ ఎంపిక, అనుసరణ: ఫైనల్ కట్ ప్రో (1999–2011) – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు సినిమా టైటిళ్లలో ఎడిటర్ పేరు పక్కన చాలాకాలం ‘కూర్పు’ అన్న మాట కనిపించేది. ఇంగ్లీషు వృత్తి పరిభాషలో కోతకు ప్రాధాన్యం ఉంటే, తెలుగు మాటలో చేర్చడానికి ప్రాధాన్యం ఉంది. ఏ ముక్కను ఎక్కడ కోయాలి, దేని పక్కన దేన్ని చేర్చాలి అన్న వేలాది నిర్ణయాల మొత్తమే కూర్పు. ఆ నిర్ణయాలు ఏ రూపంలో నిలిచి ఉంటాయి, తర్వాతి కాలంలో వాటిని ఎవరు తెరిచి చదవగలరు అన్న ప్రశ్నకు ఫిల్ము రోజుల్లో దొరికే జవాబు వేరు, కంప్యూటర్ వచ్చాక దొరికే జవాబు వేరు.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎంపికను సాధారణంగా ధర, వేగం, సౌకర్యాల పోలికగానే చర్చిస్తారు. 1999లో వెలువడి 2011లో హఠాత్తుగా ఆగిపోయిన ఫైనల్ కట్ ప్రో తొలి తరం చరిత్రను గమనిస్తే ఆ పోలిక చాలదని స్పష్టమవుతుంది. ఎంపికలో పణంగా ఉన్నది తాను చేసిన పని మీద ఎడిటర్‌కు ఉండే అధికారం. ఈ వ్యాసం ఆ కోణాన్నే పరిశీలిస్తుంది.

ఫిల్ము బల్ల మీది కూర్పు

ఐవన్ సెరూరియర్ రూపొందించిన మూవియోలా 1924 నుండి హాలీవుడ్ ఎడిటింగ్ గదుల్లో స్థిరపడింది. తర్వాత జర్మనీలో తయారైన స్టీన్‌బెక్, కె.ఇ.ఎం. వంటి బల్లయంత్రాలు వచ్చాయి. మూవియోలాలో ఫిల్ము నిలువుగా నడిస్తే, ఈ బల్లల మీద చుట్టలు పళ్లేల్లా పడుకొని తిరిగేవి. ఒక యంత్రానికి అలవాటుపడిన చేతులు మరో దానికి మారడానికి కొంత కాలం పట్టేది; ఏది మేలన్న వాదనలూ ఉండేవి. కానీ ఆ వాదనల్లో ఎవరి పనీ పోయేది కాదు. రష్ ప్రింటును కోసి, స్ప్లైసర్‌తో టేపు వేసి అతికిన తర్వాత కూర్పు ఆ ఫిల్ములోనే ఉండేది. మూవియోలా మీద అతికిన రీలును స్టీన్‌బెక్ మీద పెట్టినా అదే కూర్పు కనిపించేది. ఫిల్ము అంచున ముద్రితమైన సంఖ్యలను చూసి నెగెటివ్‌ను కోసేవారికి అది ఏ యంత్రం మీద తయారైందో తెలియవలసిన పని లేదు. యంత్రం తయారుచేసిన సంస్థ మూతపడినా రీలు రీలుగానే ఉంటుంది.

ఎలక్ట్రానిక్ కూర్పు ఈ స్థితిని క్రమంగా మార్చింది. సి.బి.ఎస్., మెమోరెక్స్ సంస్థలు కలిసి 1971లో ప్రవేశపెట్టిన సి.ఎం.ఎక్స్. 600 యంత్రంలో దృశ్యాలు కంప్యూటర్ డిస్కుల మీద నలుపు తెలుపుల్లో నిలిచేవి. అది ఖరీదైన యంత్రం, విరివిగా అమ్ముడుపోలేదు. అయితే ఆ సంస్థ యంత్రాలతో వాడుకలోకి వచ్చిన నిర్ణయాల జాబితా, అంటే ఇ.డి.ఎల్., యంత్రాలను మించి బతికింది. ఏ టేపు, ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు అన్న వివరాలను వరుసగా రాసిన సాదా అక్షర పత్రం అది. మనిషి కంటితోనే చదవవచ్చు. ఈ చరిత్రలో దానికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు.

1989లో మార్కెట్‌లోకి వచ్చిన ఎవిడ్ మెకింటాష్ కంప్యూటర్ మీద పనిచేసేది. దాని రూపకర్తలు పాత గది మర్యాదలను జాగ్రత్తగా తెర మీదికి తెచ్చారు. ముక్కలను వేలాడదీసే గుడ్డ తొట్టికి ఉన్న ‘బిన్’ అన్న పేరు తెర మీది సంచికీ వచ్చింది. వాల్టర్ మర్చ్ ‘ది ఇంగ్లీష్ పేషెంట్’ (1996) చిత్రాన్ని ఫిల్ము మీద మొదలుపెట్టి మధ్యలో ఎవిడ్‌కు మారారు. కంప్యూటర్ మీద కూర్చిన చిత్రానికి ఎడిటింగ్ ఆస్కార్ రావడం అదే మొదటిసారి. భారతదేశంలో ఎవిడ్‌ను వాడిన తొలి చిత్రంగా కమల్ హాసన్ నటించిన తమిళ చిత్రం ‘మహానది’ (1994)ని పేర్కొంటారు. తెలుగు కుటుంబానికి చెందిన ఎ. శ్రీకర్ ప్రసాద్ వంటి ఎడిటర్ల వృత్తి జీవితం ఈ రెండు యుగాల మీదుగా సాగింది. ఆయనకు తొలి జాతీయ పురస్కారం తెచ్చిన ‘రాఖ్’ ఫిల్ము కాలపు చిత్రం; ‘ఆర్ఆర్ఆర్’ (2022) పూర్తిగా డిజిటల్ కాలపు చిత్రం.

ఈ మార్పులో ఎడిటర్లకు దక్కిన లాభం అందరికీ తెలిసినదే. ఎన్నిసార్లు మార్చినా ఫిల్ము అరగదు, ఒకే దృశ్యానికి పది కూర్పులు దాచుకోవచ్చు. నష్టం మాత్రం అప్పట్లో కంటికి కనిపించలేదు. కూర్పు ఫిల్మును వదిలి ప్రాజెక్టు ఫైలులోకి చేరింది. ఆ ఫైలును తయారుచేసిన ప్రోగ్రాం తప్ప మరొకటి దాన్ని సంపూర్ణంగా చదవలేదు.

ఫైనల్ కట్ ప్రవేశం

అడోబీ ప్రీమియర్ తొలి రూపాలను నిర్మించిన ర్యాండీ యుబిలోస్ మాక్రోమీడియా సంస్థకు మారి మరో ఎడిటింగ్ ప్రోగ్రాంను తయారుచేయసాగారు. 1998లో దాన్ని ఆపిల్ కొనుగోలు చేసింది. 1999 ఏప్రిల్‌లో అది ఫైనల్ కట్ ప్రోగా వెలువడింది. ధర సుమారు 1,000 డాలర్లు. ఒక పూర్తి ఎవిడ్ వ్యవస్థకు పదుల వేల డాలర్లు అయ్యే రోజుల్లో ఈ తేడా చిన్నది కాదు. స్వతంత్ర చిత్రకారులు, డాక్యుమెంటరీ నిర్మాతలు, కళాశాలలు దీన్ని త్వరగా స్వీకరించాయి.

పెద్ద చిత్రానికి ఇది తగునా అన్న సందేహం తీరడానికి ‘కోల్డ్ మౌంటెన్’ (2003) దాకా ఆగవలసి వచ్చింది. రొమేనియాలో చిత్రీకరించిన ఈ చిత్రానికి మర్చ్ ఫైనల్ కట్‌ను ఎంచుకున్నారు. ఒక్క ఎవిడ్‌కయ్యే ఖర్చుతో పలు పనిస్థానాలు ఏర్పడతాయన్నది ఆ ఎంపిక వెనుక ఉన్న ఆకర్షణ. కోయడం, అతకడం విషయంలో పెద్ద చిక్కులు ఎదురవలేదు. చిక్కంతా గది గుమ్మం దగ్గర వచ్చింది: శబ్ద విభాగానికి వారి యంత్రాలు చదవగలిగే రూపంలో సమాచారం పంపడం ఎలా? కూర్పు మారిన ప్రతిసారీ మార్పుల జాబితా ఇవ్వడం ఎలా? చార్లెస్ కొపెల్‌మన్ ఈ అనుభవం మీద 2005లో వెలువరించిన పుస్తకంలో ఎక్కువ పుటలు ఈ ఇచ్చిపుచ్చుకోవడాల చుట్టూ తిరగడం యాదృచ్ఛికం కాదు. సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేది ఎడిటరే అయినా, ఆ ఎంపికను మోయవలసింది సహాయకులు, శబ్ద విభాగం, రంగులు సరిచేసేవారు, నెగెటివ్ కోసేవారు.

ఆ దారి ఒకసారి పడ్డాక ‘నో కంట్రీ ఫర్ ఓల్డ్ మెన్’ (2007), ‘ది సోషల్ నెట్‌వర్క్’ (2010) వంటి చిత్రాలు ఫైనల్ కట్ మీదే తయారయ్యాయి. రెండో చిత్రానికి 2011 ఫిబ్రవరిలో ఎడిటింగ్ ఆస్కార్ లభించింది. నాలుగు నెలలకే ఆ సాఫ్ట్‌వేర్ అమ్మకాలను దాని యజమాని నిలిపివేశాడు.

2011 జూన్ 21

ఆ రోజు విడుదలైన ఫైనల్ కట్ ప్రో టెన్ పేరుకు పదో రూపమే గాని నిజానికి పునాదుల నుండి తిరిగి రాసిన మరో ప్రోగ్రాం. ధర 299.99 డాలర్లకు తగ్గింది. దాంతోపాటే ఏడో రూపం అమ్మకం ఆగింది. కొత్తది పాత ప్రాజెక్టులను తెరవదు. ఇ.డి.ఎల్., ఎక్స్.ఎం.ఎల్. రూపాల్లో కూర్పును బయటికి పంపే వీలు లేదు. పలు కెమెరాల దృశ్యాలను ఒకేసారి చూసి ఎంచుకునే సౌకర్యం లేదు. పాత ప్రాజెక్టులను సమాచారం మారకుండా, పోకుండా కొత్తదానిలోకి తేవడం సాధ్యం కాదని ఆపిల్ కొద్ది రోజుల్లోనే వివరణ ఇచ్చింది.

నిరసన తీవ్రంగా వచ్చింది. వేల మంది సంతకాలతో విన్నపం వెలువడింది. కోనన్ ఓబ్రయన్ టెలివిజన్ కార్యక్రమపు ఎడిటర్లు దీని మీద ఒక పరిహాస వీడియోనే ప్రసారం చేశారు. దీన్ని మార్పుకు భయపడే వృద్ధుల గొడవగా కొట్టివేసినవారూ ఉన్నారు. ఆ అంచనా న్యాయమైనది కాదు. ఇరవై ఏళ్లలోపే ఫిల్ము నుండి ఎవిడ్‌కు, ఎవిడ్ నుండి ఫైనల్ కట్‌కు మారిన వృత్తి ఇది. మార్పు దానికి కొత్త కాదు. ఆ మార్పుల్లో వారు కొత్త పనిని కొత్త యంత్రం మీద మొదలుపెట్టారు. ఈసారి చేసిన పనే పాత యంత్రంలో చిక్కుకుపోయింది.

ట్రాకుల ప్రశ్న

కొత్త ప్రోగ్రాంలో మూల భావన చెడ్డదని చెప్పడం కష్టం. అందులో ట్రాకులు లేవు. ఒక ముక్కను తీసేస్తే మిగిలినవి అయస్కాంతానికి అతుక్కున్నట్టు దగ్గరికి చేరతాయి. ప్రధాన దృశ్యానికి కట్టిన శబ్దం దానితోపాటే కదులుతుంది. ఒకచోట సవరిస్తే మరోచోట మాట, పెదవి తప్పిపోయే పాత బాధ దీనితో చాలావరకు తీరింది.

అయితే పాత పద్ధతిలో ట్రాకులు పొరలు మాత్రమే కావు. పై ట్రాకుల్లో సంభాషణ, తర్వాత పరిసర ధ్వనులు, అడుగున సంగీతం అన్న వరుసను పాటించడం వల్ల, ఆ కూర్పును ఎన్నడూ చూడని శబ్దమిశ్రకుడు కూడా తెరవగానే దేన్ని ఎక్కడ వెతకాలో తెలుసుకునేవాడు. ట్రాకు స్థానం ఒక రకమైన లిపి. కొత్త ప్రోగ్రాంలో దాని స్థానంలో ప్రతి ముక్కకూ ‘రోల్’ అనే గుర్తు ఇవ్వాలి. తర్కం దృష్టితో అది మరింత శుద్ధమైన పద్ధతే. కానీ 2011లో ఆ లిపి అవతలివారికి రాదు, అనువదించే మార్గమూ లేదు. ఎక్స్.ఎం.ఎల్. ఆ సెప్టెంబరులో, పలు కెమెరాల సౌకర్యం 2012 జనవరిలో వచ్చాయి. పాత ప్రాజెక్టులను మార్చే ప్రోగ్రాం కూడా 2012లోనే వచ్చింది, అదీ ఆపిల్ నుండి కాదు, బయటి సంస్థ నుండి. 2015లో విడుదలైన ‘ఫోకస్’ చిత్రాన్ని ఫైనల్ కట్ ప్రో టెన్ మీదే కూర్చారు. అప్పటికి చాలామంది వెళ్లిపోయారు.

వెళ్లినవారి దారులు

పోటీ సంస్థలు అవకాశాన్ని వదులుకోలేదు. ఫైనల్ కట్ వాడుకరులకు అడోబీ సగం ధరకు ఇస్తామంది. ఎవిడ్ కూడా తగ్గింపు ప్రకటించింది. కానీ ధర కన్నా బలంగా పనిచేసినవి రెండు చిన్న విషయాలు. ప్రీమియర్ ప్రో ఏడో రూపపు ఎక్స్.ఎం.ఎల్. ఫైలును చదవగలదు. దాని కీబోర్డును ఫైనల్ కట్ లేదా ఎవిడ్ అలవాటుకు తగినట్టు ఒక్క ఎంపికతో మార్చుకోవచ్చు. దినమంతా చూపు తెర మీదే ఉండే వృత్తిలో ఏ మీట ఎక్కడుందో తెలిసేది వేళ్లకే. ఆలోచన మీటను వెతుక్కోవలసి వస్తే కూర్పు లయ తెగుతుంది. ‘ది సోషల్ నెట్‌వర్క్’ ఎడిటర్లలో ఒకరైన కిర్క్ బాక్స్‌టర్ ‘గాన్ గర్ల్’ (2014)ను ప్రీమియర్ మీద కూర్చారు.

అలా చేరినవారికి కొద్దికాలంలోనే మరో షరతు ఎదురైంది. 2013లో అడోబీ తన కొత్త రూపాలను నెలవారీ చందాకు మాత్రమే ఇస్తామని ప్రకటించింది. చందా ఆగితే ప్రోగ్రాం తెరుచుకోదు, దానితోపాటు ఫైలూ తెరుచుకోదు. ఒక సంస్థ నిర్ణయం నుండి తప్పించుకున్నవారు మరో సంస్థ నిర్ణయానికి లోబడ్డారు. ఏ సంస్థకూ చెందని ఫైలు రూపం కోసం సాగిన ప్రయత్నాల్లో పిక్సార్‌లో పుట్టిన ఓపెన్‌టైమ్‌లైన్‌ఐఓ ముఖ్యమైనది. అది కోతల స్థానాలను, నిడివులను మోసుకుపోతుంది. ఒక ప్రోగ్రాంకే ప్రత్యేకమైన ఎఫెక్టులను మరో ప్రోగ్రాంలో అలాగే నిలపలేదు.

మారకుండా ఉండిపోయినవారూ ఉన్నారు. 2017లో వచ్చిన మాక్ ఆపరేటింగ్ సిస్టమ్ హై సియెరాలో ఫైనల్ కట్ ఏడో రూపం తెరుచుకోదని ఆపిల్ ముందే హెచ్చరించింది. ఆ తర్వాత దాన్ని వాడదలచినవారు ఒక కంప్యూటర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ మార్చకుండా ప్రత్యేకంగా ఉంచుకోవలసి వచ్చింది. 2019లో విడుదలైన కొరియన్ చిత్రం ‘పారసైట్’ను యాంగ్ జిన్‌మో ఆ ఏడో రూపం మీదే కూర్చారు. ఎనిమిదేళ్ల కిందట అమ్మకం ఆగిన సాఫ్ట్‌వేర్ మీద తయారైన ఆ చిత్రం మరుసటి ఏడాది ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకుంది. ఎడిటింగ్ విభాగంలోనూ నామినేషన్ పొందింది.