వింటినారి, చేప దవడ, ఇనుప పళ్లు

ముంబయి రోడ్డు మీద పటాన్‌చెరు దాటితే ముత్తంగి, ఆ తర్వాత ఇస్నాపూర్, దాని పక్కనే చిట్కుల్. చుట్టూ మందుల కంపెనీలు, రసాయనాలు, ఉక్కు, పాశమైలారం పారిశ్రామికవాడ షెడ్లు. దూదికీ ఉన్నికీ ఇక్కడ ఏం పని అనిపిస్తుంది. కానీ బాయిలర్ పొగలో బూడిదను పట్టే సంచిని ఒకసారి చేత్తో తడిమి చూడండి. అది ఎక్కువగా నేసిన బట్ట కాదు. పాలిస్టర్ పీచును ఏకి, పల్చటి తెరలుగా తీసి, ఒకదానిపై ఒకటి పరిచి, ముళ్ల సూదులతో వేల పోట్లు పొడిచి గట్టిపరిచిన ఫెల్టు. ఫ్యాక్టరీ కార్మికుల అద్దె గదుల్లో పరుపుల్లో, మెత్తల్లో కూరిన పీచు కూడా ఏదో ఒక పళ్ల రోలరు కింద నలిగి వచ్చిందే. ఏకే యంత్రం ఈ ప్రాంతంలో ఎవరి కంటా పడదు. దాని సరుకు మాత్రం అందరి దగ్గరా ఉంది.

ఏకడంలో పని ఒకటే. గింజ తీసిన దూదిలో పీచులు ఎటుపడితే అటు చిక్కుపడి ఉంటాయి. మధ్యలో ఆకు నలుసులు, గింజ పొట్టు, దుమ్ము. ఆ చిక్కు విప్పి, చెత్త రాల్చి, పీచులను వీలైనంత ఒకే దిక్కుకు తిప్పి ఏకుగా చుడితే అప్పుడు రాట్నానికి పని మొదలవుతుంది. ఏకు చెడితే ఎంత నేర్పున్న చేయి వడికినా దారం ఉండలు కట్టి తెగుతూనే ఉంటుంది. రాట్నానికి జాతీయోద్యమ జెండా మీద చోటు దొరికింది, మగ్గానికి పాటలు దొరికాయి. ఏకే సాధనానికి మాత్రం ఏదీ దక్కలేదు. దాని చరిత్ర అంతా ఒక్క పేచీ చుట్టూనే తిరుగుతుంది. గట్టిగా లాగితే పీచు తెగుతుంది, మెల్లగా లాగితే చిక్కు విడదు.

మన ఊళ్లలో ఈ పేచీకి దొరికిన జవాబు విల్లు. మనిషి నిలువంత కర్ర, దానికి మెలిపెట్టి బిగించిన జంతువు నరం. ఎడమచేత్తో విల్లు పట్టుకుని, నారిని దూదికుప్పలో ఉంచి, కుడిచేత్తో చెక్కగూటంతో మీటుతారు. నారి అదిరిన కొద్దీ పీచులు ఒకదాన్నొకటి వదిలి ఎగిరిపడతాయి, బరువైన చెత్త కిందికి రాలుతుంది. విల్లుకు పళ్లు లేవు కాబట్టి పీచు తెగదు. పళ్లు లేవు కాబట్టే పీచులు వరసకూ రావు. ముతక నూలుకు, బొంతలకు, పరుపులకు ఇది బాగా సరిపోయింది. కురుమల గొంగడి ఉన్నికీ ఇదే విల్లు.

భుజాన విల్లు వేసుకుని ఊరూరూ తిరిగినవాళ్లు దూదేకులవారు. పింజారి, లద్దాఫ్, నూర్‌బాషా అనీ అంటారు. ఇస్లాం మతం, ఇంట్లో తెలుగు. పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య వీళ్లలోనివాడే. గాంధీ తన ఆత్మకథలో ఒక ముచ్చట చెబుతారు. ఆశ్రమానికి రాట్నం దొరికాక ఏకులకు కటకట వచ్చింది. గంగాబెన్ అనే సహచరి వెతికి వెతికి ఒక దూదేకే మనిషిని పట్టుకొచ్చింది. నెలకు 35 రూపాయలకు తగ్గనన్నాడట. ఆ అవసరంలో ఎంతైనా ఇవ్వొచ్చనుకున్నారట గాంధీ. అంతటి పనివాడి కులం పేరును మనవాళ్లు తిట్టుగా వాడుకోవడం మన సంస్కారానికి మచ్చ.

విల్లు వదిలేసిన పనిని శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఒక చేప చేసింది. వాలుగ చేప దవడలో సన్నటి, వంకర తిరిగిన, దట్టమైన పళ్లుంటాయి. ఆ దవడను ఎండబెట్టి చిన్న పుల్లకు కట్టి దువ్వెన చేసుకుంటారు. గింజ తీయకముందే, అంటే పత్తి గింజకు పీచు అంటిపెట్టుకుని ఉండగానే, ఒక్కో గింజను పట్టుకుని దువ్వుతారు. పీచు అంతా జుట్టులా ఒకే వైపుకు సర్దుకుంటుంది, నలుసులు పళ్లకు చిక్కుకుంటాయి. ఆ తర్వాతే చెక్క మీద ఇనుపకడ్డీ దొర్లించి గింజను వేరుచేయడం, మళ్లీ మెత్తబరచడం, ఏకు చుట్టడం. చుట్టిన ఏకులను ఎండిన అరటి దొప్పలో దాచుతారు. అలా తీసిన నూలు నూరో కౌంటు దాకా పోతుంది. పొట్టి పీచు కొండపత్తితో ఇంత సన్నం ఎలా సాధ్యమని మిల్లు ఇంజనీర్లు ఆశ్చర్యపోతారు. రహస్యం వడకడంలోనే కాదు, ముందు చేసిన ఆ దువ్వుడులో ఉంది. అయితే దీనికి పట్టే కాలాన్ని ఏ ఫ్యాక్టరీ లెక్కా ఒప్పుకోదు. కూలీ కూడా ఆ కాలానికి తగ్గట్టు ఏనాడూ ఇవ్వలేదు.

ఇంగ్లండులో మొదటి సాధనం రెండు చేతిపలకలు. తోలుకు ఇనుపతీగ పళ్లు గుచ్చి చెక్కకు అంటించినవి. ఒకదానిపై దూది పెట్టి ఇంకోదానితో దువ్వుతారు. 1748లో లూయిస్ పాల్, అదే ఏడాది లెమిన్‌స్టర్‌కు చెందిన డేనియల్ బోర్న్, ఈ పళ్ల తోలును పలక మీంచి తీసి గుండ్రటి పీపాకు చుట్టారు. పీపా తిరుగుతుంటే పని ఆగకుండా సాగుతుంది. ఆలోచన అద్భుతం. కానీ పళ్లలో ఇరుక్కున్న దూదిని బయటికి తీయాలంటే యంత్రాన్ని ఆపి చేత్తో గోకాల్సిందే. అసలు సమస్య తినిపించడంలో కాదు, కక్కించడంలో వచ్చింది.

దానికి దొరికిన ఉపాయం చూడ్డానికి చాలా చిన్నది. మీసమంత దువ్వెనను ఒక క్రాంకుకు తగిలించి, చివరి పీపా ముందు గబగబా పైకీ కిందికీ ఆడించడం. అది పీచు తెరను చినగకుండా ఒలిచేస్తుంది, తెర ఎక్కడా తెగని పల్చటి దుప్పటిలా జారుతుంది. దాన్ని గరాటులాంటి కంతలోంచి లాగితే పొడవాటి ఏకు. రిచర్డ్ ఆర్క్‌రైట్ 1775 పేటెంటులో ఇది తనదేనని రాసుకున్నాడు. 1785లో కోర్టులో జేమ్స్ హార్‌గ్రీవ్స్ భార్య, కొడుకు వచ్చి అది హార్‌గ్రీవ్స్ చేసిందని సాక్ష్యం చెప్పారు. పేటెంటు కొట్టేశారు. ఆర్క్‌రైట్ మాత్రం అప్పటికే కోట్లకు పడగలెత్తాడు. ఆవిష్కరణల చరిత్రలో ఇది కొత్తేమీ కాదు.

మిగతా మార్పులు చకచకా వచ్చాయి. పళ్ల తోలును ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఒక్కో తీగా గుచ్చి తయారుచేసేవారు. 1797లో అమెరికాలో ఏమస్ విట్టెమోర్ ఆ పనికే యంత్రం కట్టాడు. పెద్ద పీపాపై కప్పుగా పళ్ల పట్టీలు గొలుసులా తిరుగుతూ తమంతట తాము శుభ్రపడే ఏర్పాటు పందొమ్మిదో శతాబ్దంలో కుదిరింది. ఇప్పటి మిల్లుల్లోనూ రూపురేఖలు అవే. పీపాకూ పట్టీకీ మధ్య ఎడం మిల్లీమీటరులో నాలుగో వంతు. ఇరవయ్యో శతాబ్దం నడిమికి తోలులో గుచ్చిన మెత్తటి తీగ పోయి రంపపు పళ్లలాంటి గట్టి ఉక్కుతీగ వచ్చింది. వేగం అమాంతం పెరిగింది. ఒకప్పుడు గంటకు నాలుగైదు కిలోలు ఏకిన యంత్రం ఇవాళ వంద కిలోలు దాటేస్తోంది.

మిల్లు యంత్రాన్ని తట్టుకునే పీచు కావాలి. పొడవుగా, గట్టిగా, అంతా ఒకే రకంగా. అమెరికా రకాల పత్తి దానికి సరిపోయింది, మన పొట్టి పీచు దేశవాళీ పత్తి సరిపోలేదు. యంత్రాన్ని పత్తికి తగ్గట్టు మార్చాల్సింది పోయి, చేలో పత్తినే యంత్రానికి తగ్గట్టు మార్చారు. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి లాంటి మిల్లులు వచ్చేనాటికే ఈ దారి ఖరారైపోయింది.

దీనికి ఎదురుదారి వెతికినవాళ్లలో మొదట గాంధీనే చెప్పుకోవాలి. 1929లో అఖిల భారత చరఖా సంఘం లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. పల్లెటూరి గుడిసెలో ఒక ఆడమనిషి రోజంతా అలసిపోకుండా నడపగల రాట్నం కావాలి, ధర 150 రూపాయలు మించకూడదు, 20 ఏళ్లు మన్నాలి. చేతి ఏకులతోనైనా నడవాలి, లేదంటే ఏకు చేసే ఏర్పాటు రాట్నంతోపాటే ఉండాలి. బహుమతి ఎవరికీ దక్కలేదు.

తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథన్ తర్వాతి కాలంలో అంబర్ చరఖా చేశాడు. 1950ల్లో ఖాదీ సంస్థ దాన్ని ఊళ్లకు పంచింది. ఆ సెట్టులో చరఖా ఒక్కటే కాదు. దూది ఏకడానికి ధునాయీ మోఢియా, ఏకును సాగదీయడానికి బేల్నీ కూడా ఉండేవి. కదుళ్లు జనానికి నచ్చాయి. మోఢియా దగ్గర చేతులు పడిపోయాయి. పళ్ల రోలరును చేత్తో తిప్పడం తేలిక పని కాదు. చివరికి ఏకు పనినే గుడిసెలోంచి తీసేశారు. కర్ణాటకలో చిత్రదుర్గ వంటి చోట్ల కేంద్రీయ ప్లాంట్లు పెట్టి, మిల్లు యంత్రాలతో ఏకులు చేసి ఖాదీ సంఘాలకు పంపడం మొదలైంది. వడికేది చేతితోనే అయినా ఏకు దూరంనుంచి వస్తుంది, దాని ధర వడికేవాళ్ల చేతిలో లేదు. ఖాదీకి అసలు గండి ఇక్కడే పడిందని నా అభిప్రాయం.

ఈ గండిని పూడ్చాలని చూసిన పని తెలుగునాటే జరిగింది. దస్త్‌కార్ ఆంధ్ర అనే చేనేత సంస్థను నిలబెట్టిన ఉజ్రమ్మ, నూలు యంత్రాలు లోతుగా ఎరిగిన కన్నయ్య నాయుడు కలిసి వేసుకున్న ప్రశ్న చాలా సూటిది. చేను పక్కనే ఉన్నప్పుడు పత్తిని బేలుగా ఎందుకు తొక్కాలి? 170 కిలోల బేలును రాయిలా బిగించేది దూరం మోయడానికే. మిల్లుకు చేరాక ఆ రాయిని మళ్లీ దూదిగా విప్పాలంటే బ్లోరూములో చితక్కొట్టాలి. ఆ దెబ్బలకు పీచులో సాగే గుణం పోతుంది. గింజ తీసే జిన్నులోంచి వచ్చిన వదులు దూదిని నేరుగా ఏకే చిన్న కార్డింగు యంత్రానికి ఇస్తే ఆ రెండు శిక్షలూ తప్పుతాయి. యంత్రం చిన్నది, వేగం తక్కువ, పీచుకు ఊపిరాడుతుంది. ఆ నూలుతో నేసిన బట్టే మల్ఖా. మెత్తగా ఉంటుంది, రంగు బాగా పీలుస్తుంది. చవక మాత్రం కాదు. చిన్న యూనిట్లకు కరెంటు, పెట్టుబడి, మెకానిక్కు, మూడూ ఎప్పుడూ తలనొప్పే. అయినా యంత్రం మెరుగుపడటమంటే వేగం పెరగడమే కానక్కర్లేదని మన గడ్డమీద చేసి చూపించారు.

ఉన్ని దగ్గర ఇలాంటి ప్రయత్నం ఇంకా బలంగా జరగలేదు. ఉన్నికి కప్పు పట్టీల కార్డు పనికిరాదు. పీపా చుట్టూ చిన్న చిన్న రోలర్ల జతలు ఉండాలి, ఒకటి పీచును విప్పుతుంటే ఇంకోటి ఒలిచి మళ్లీ పీపాకు అప్పగిస్తుంది. తెలంగాణ దక్కనీ గొర్రె ఉన్ని నల్లగా, ముతకగా, వెంట్రుక కలిసి, ముళ్లూ గడ్డీ అంటుకుని ఉంటుంది. మెరీనో కోసం కట్టిన యంత్రంలో పెడితే చాలా భాగం కిందికి రాలిపోతుంది. అందుకే గొంగడికి చాలావరకు ఇంకా విల్లే దిక్కు. విల్లుతో ఏకి, చేత్తో వడికి, చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గం మీద నేసిన గొంగడి వానకూ చలికీ కాపరికి ఇల్లే. ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. ఇప్పుడు చాలాచోట్ల కత్తిరింపు కూలీకి కూడా ఉన్ని ధర సరిపోదు, తీసి పారేస్తున్నారు. పైగా మాంసం కోసం ఉన్నిలేని నెల్లూరు జాతి గొర్రెలను మందల్లో కలిపారు. 2017లో మొదలైన రాష్ట్ర గొర్రెల పంపిణీ పథకం, ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీతో ఆ మార్పును ఇంకా తొందరచేసింది.

నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు కాపరులకు ఎలాంటి యంత్రం కావాలో 1929 నాటి షరతుల పద్ధతిలో రాసుకోవచ్చు. గంటకు నాలుగైదు కిలోలు ఏకితే చాలు. పొట్టి నల్ల ఉన్నిని తెంపకుండా విప్పాలి, ముళ్లను రాల్చాలి. సింగిల్ ఫేజు కరెంటుతో నడవాలి. ఇద్దరు మనుషులు ఎత్తి ట్రాలీ ఆటోలో వేసుకుని మంద దగ్గరికి తీసుకుపోగలగాలి. చెడితే మండల కేంద్రంలోనే బాగుపడాలి. ఫ్రేము, రోలర్లు, గేర్లు పటాన్‌చెరు, పాశమైలారం లేత్ షాపులు చేయగలవే. పళ్ల తీగ ఒక్కటి కోయంబత్తూరు నుంచి తెప్పించుకుంటే సరిపోతుంది.