మంద వెంట నుంచి మేడలోకి

స్కాట్లాండ్ కొండల్లో కోలీ కుక్క పని గొర్రెల మందను చెదరకుండా తోలుకురావడం. చలికీ వానకీ తట్టుకునేలా దానికి రెండు పొరల బొచ్చు: పైన గరుకు, లోపల మెత్తన.

1860ల్లో విక్టోరియా రాణి అక్కడి బాల్మోరల్ కోటలో వీటిని చూసి ముచ్చటపడింది. ఆమె పెంచిన షార్ప్ అనే కోలీ రాణిగారి పక్కన ఫొటో కూడా దిగింది. ఇక దొరలు ఊరుకుంటారా? కాపరి కుక్క మేడలెక్కింది.

ఎరిక్ నైట్ 1940లో రాసిన నవల 1943లో 'లాస్సీ కమ్ హోమ్' సినిమాగా వచ్చి కోలీని మామూలు ఇళ్లకూ పరిచయం చేసింది. ఆడకుక్క లాస్సీగా నటించింది పాల్ అనే మగకుక్క! తెరమీద కనిపించనిది దువ్వెన పని. చెవుల వెనక, తొడల దగ్గర బొచ్చుకు వారానికోసారైనా చిక్కు తీయకపోతే ఉండకట్టి, కింద చర్మం పుండుపడుతుంది. మంద లేని ఇంట్లో కోలీ పిల్లల్నీ సైకిళ్లనీ తోలబోతుంది.

అసలు చిక్కు మందుల్లో ఉంది. గొర్రెల కడుపులో పురుగులకు వేసే ఐవర్‌మెక్టిన్ మోతాదు పెరిగితే చాలా కోలీలకు విషమే. మందు మెదడులోకి చేరి వణుకు, తూలుడు, ఒక్కోసారి ప్రాణాపాయం. దీనికి ఎండీఆర్1 జన్యువులోని లోపమే కారణమని 2001లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు తేల్చారు. ఇప్పుడు కుక్క బుగ్గ లోపల పుల్లతో రుద్ది పంపితే ఈ లోపం ఉందో లేదో ల్యాబులో చెప్పేస్తారు.